పదమూడు గుర్రాలు

పెట్టె మూత తీశాక దెల్ఫీనా ఉర్రుతియా కాసేపు ఊపిరి బిగబట్టింది. ఇందులో భక్తీ లేదు, భయమూ లేదు. నోటి తడి తగిలితే పాత వెండి మీద మచ్చ పడుతుంది. గ్వానహ్వాతో పట్నం ఆదివారం సంతలో ఇరవై రెండేళ్ళుగా బల్ల వేసుకుని పాత నాణేలు అమ్ముతున్న మనిషికి ఆ జాగ్రత్త నడకలాగే ఒంటికి పట్టేసింది.

పెట్టె దేవదారుది. అందులో మడతపెట్టిన ఉన్ని చొక్కా, దాని మడతల్లో పదమూడు వెండి పెసోలు. ఎవరో ఒక్కొక్కదాన్నీ విడివిడిగా, పసిపిల్లల్ని పక్కలో వేసినట్టు పడుకోబెట్టారు. వాటి మీద గుర్రమెక్కి చేత దివిటీ పట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఉంటుంది కాబట్టి ఆ నాణేన్ని అటువైపు అందరూ ‘గుర్రప్పిల్ల’ అనే అంటారు. నూరేళ్ళు దాటిన గుర్రప్పిల్లలు.

దెల్ఫీనా ఒకదాన్ని అంచు పట్టుకుని తీసింది. కిటికీ వెలుగులోకి తెచ్చి కొద్దిగా వంచింది. ఇంకొద్దిగా వంచింది. అంచున నెమలికంఠం నీలం, దాని లోపల వంకాయ రంగు, ఇంకా లోపలికి తేనె, నడిమధ్య గుర్రం వీపు మీద మాత్రం లేత గడ్డిపసుపు. వెండి అంటే తెల్లగా ఉంటుందని నమ్మే అమాయకులు లోకంలో చాలామంది. వెండిని దానికి తోచినట్టు ఉండనిస్తే, దాని మానాన దాన్ని వదిలేస్తే, అది ముందు గడ్డిపసుపు కట్టుకుంటుంది, తర్వాత తేనె, తర్వాత వంకాయ, ఆఖరికి నీలం. ఈ వరస తప్పిందంటే ఎవడో పొయ్యి మీద పెట్టి వండాడని అర్థం. వండినవి దెల్ఫీనా చాలా చూసింది. ఇవి వండినవి కావు.

“ఏంటమ్మాయ్, పలకవూ?” అంది ఇంటావిడ. పేరు త్రాన్సితో, గౌరవంగా పిలిస్తే దోన్యా త్రాన్సితో. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలావిడ పెట్టెను అవతలికి తోసి, మొహం పొయ్యివైపు తిప్పుకుని కూర్చుంది. “మరీ అంత మసిబారిపోయాయా?”

“మీరు చూడలేదా?”

“ఆ చొక్కాలో చుట్టి పెట్టాక మళ్ళీ మూత తియ్యలేదు. నలభై ఒక్క ఏళ్ళు. చూపు ఆనక కాదు, చూడబుద్ధి కాక.”

దెల్ఫీనా రెండోది తీసింది, మూడోది తీసింది. ఒక్కొక్కటీ ఒక్కో పొద్దు. ఒకటి తెల్లారుతున్నట్టుంది, ఒకటి వాన వెలిసినట్టుంది. తొమ్మిదో నాణెం దగ్గరకొచ్చేసరికి తను ఎక్కడున్నదీ మరిచిపోయింది. బయట మేకల గంటలు, కొండగాలి, పొయ్యి మీద బీన్స్ ఉడుకుతున్న చప్పుడు, అన్నీ ఎక్కడో నీళ్ళడుగున వినిపిస్తున్నట్టున్నాయి. అలాంటివాటిని పిచ్చిగా కొనే ఆసామి ఒకడు టెక్సస్‌లో ఉన్నాడు. పదమూడూ కలిసి, ఒకే రంగుల కుటుంబంగా దొరికాయంటే వాడు ధర అడగడు, ఎప్పుడు పంపుతున్నావనే అడుగుతాడు.

ఇక్కడ దెల్ఫీనా మనసులో మెదిలింది మెట్లవీధిలోని ఇరుకుగది. ఆకుపచ్చ తలుపు, లోపల ఒక అద్దాల బీరువా పట్టేంత చోటు. సోమవారం లోపు సొమ్ము కడితే అది ఆమెది. ఎండకు బల్ల మీద గుడ్డ కప్పుకోవడం, వానకు బల్లే నెత్తిన పెట్టుకుని పరిగెత్తడం, మునిసిపాలిటీ వాళ్ళొస్తే సంచిలో దులుపుకుని సందులోకి దూరడం, ఇవన్నీ ఇక చాలు. తనదని వేసుకునేందుకు ఒక తలుపు కావాలి. యాభైకి దగ్గరపడుతున్న ఒంటరి మనిషి కోరరాని కోరికేం కాదది.

“బరువు ధర ఇస్తాను, దోన్యా త్రాన్సితో,” అంది. గొంతు చాలా మామూలుగా వచ్చింది. “దాని మీద ఇంకొంచెం కూడా వేస్తాను.”

ముసలావిడ ఆశ్చర్యంగా ఇటు తిరగబోయి, పెట్టె తెరిచి ఉందని గుర్తొచ్చి ఆగిపోయింది. “మసిబారినవాటికి పైన కూడా ఇస్తావా? మంచిదానివే తల్లీ! పిల్ల వంటింటి మీదికి రేకులొస్తాయి. కానీ ఒక్కమాట. శనివారం పెళ్ళయ్యాకే తీసుకెళ్ళాలి. ఒక్కసారి వాటితో నొయెమీ పెళ్ళి జరగాలి.”

నొయెమీ ఆవిడ మనవరాలు. తల్లి పోతే ఈ ముసలావిడే పెంచింది. గ్వానహ్వాతోలో బేకరీలో పనిచేస్తుంది. పోయిన ఆదివారం సంతలో దెల్ఫీనా బల్ల దగ్గర ఆగి, “నల్లబడిపోయిన పెసోలు కూడా కొంటారా అండీ?” అని అడిగింది ఆ పిల్లే. ఆ మాట పట్టుకునే దెల్ఫీనా రెండు గంటలు బస్సులో కూర్చుని ఈ ఎస్పీనో ఊరు ఎక్కొచ్చింది.

“అలాగే,” అంది దెల్ఫీనా. మూడు రోజులు ఎంతలో పోతాయి?

కానీ మధ్యాహ్నానికి కబురొచ్చింది. అక్కడి పెళ్ళిలో పెళ్ళికొడుకు పదమూడు నాణేలు పెళ్ళికూతురి దోసిట్లో పోయాలి. ‘నా సంపాదన నీ చేతిలో’ అని దాని అర్థం. ఆ నాణేలను పెళ్ళిపీట దాకా మోసుకొచ్చే పెద్దదిక్కు ఒకామె ఉండాలి. ఆమె పెళ్ళికూతురికి మద్రీనా, ఇంటివాళ్ళకు కొమాద్రె, అంటే రక్తం పంచుకోని వియ్యం. ఆ పనికి ఒప్పుకున్న ఆముందా అనే బంధువు ఇప్పుడు రానంటోంది. కలలో తడిసిన బూట్లు కనిపించాయట, అపశకునమట.

“తడిసిన బూట్లట!” అని మండిపడింది పక్కింటి చోలె. చేతులు పిండిలో ఉండగానే వాకిట్లోకి వచ్చేసింది. “నిజం చెప్పొచ్చుగా? ఆ పోయిన కుర్రాడు ఎవరిస్తో, వాడి నాణేలు ముట్టుకోవాలంటే భయం. ఈ వీధిలో ఏ ఆడదాన్నైనా అడుగు, నడుంనొప్పి అంటుంది.”

“నీకూ నొప్పేనా?” అంది త్రాన్సితో.

“నాకు మోకాళ్ళు,” అంది చోలె చూపు దించుకుని.

ఎవరిస్తో అంటే త్రాన్సితో పెద్దకొడుకు. పందొమ్మిదేళ్ళవాడు. ఆ పదమూడు నాణేలూ భార్య దోసిట్లో పోసిన పదకొండో రోజున గని కూలింది, వాడు పోయాడు. అంతవరకూ ఆ ఇంటి నాణేలు వీధిలో ప్రతి పెళ్ళికీ వెళ్ళొచ్చేవి. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, ఆవిడా ఇవ్వలేదు.

త్రాన్సితో లేచొచ్చి దెల్ఫీనా ముందు నిలబడి, ఏప్రన్ సరిచేసుకుంది. “మీరు నాణేల మనిషి. మీ చేతికి భయం ఉండదు,” అంది. పొద్దుట్నుంచీ నువ్వు, అమ్మాయ్ అన్న నోరు ఒక్కసారిగా మీరు అంటోంది. అక్కడ కొమాద్రెను ఎవరూ నువ్వు అనరు. “తల్లిలేని పిల్ల. మద్రీనాగా ఉంటారా?”

దెల్ఫీనాకు ఆ క్షణంలో తట్టింది ఒకటే. ఒప్పుకుంటే పెట్టె తన దగ్గరే ఉంటుంది. ఏ తడిచేతులూ వాటి మీద పడవు. “ఉంటాను,” అంది. సంతోషంగానే అంది.

పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. ఆ ఊళ్ళో మద్రీనా చేయాల్సిన పని ఇంకొకటుందని ఆమెకెలా తెలుస్తుంది?

గురువారం పొద్దున చోలె చెప్పింది. దెల్ఫీనా పెళ్ళిదాకా తనకిచ్చిన వెనకగదిలో మంచం మీద కూర్చుని భూతద్దం తుడుచుకుంటోంది. చోలె గుమ్మంలోంచి ఒక పాతగుడ్డ మూట విసిరింది.

“బూడిద. మెస్కీత్ చెట్టు కట్టెది, జల్లెడ పట్టించాను. నిమ్మకాయలు రేపు కోసుకోవచ్చు.”

“దేనికి?”

“ఇదిగో పట్నం మద్రీనా!” చోలె నడుంమీద చెయ్యేసుకుని నవ్వింది. “పెళ్ళికి ముందురోజు ఆడవాళ్ళందరి ముందూ నువ్వు నాణేలు తోమాలి. ఒక్కోదాన్నీ మొహం కనిపించేదాకా. మేం చుట్టూ కూర్చుని వంకలు పెడతాం. నా పెళ్ళికి తోమినావిడ ఒకదాని అంచు సరిగ్గా తోమలేదు. అందుకే నా మొగుడికి ఒక చెవి వినపడదు.”

బూడిదతో ఒక్క రుద్దు చాలు. నలభై ఏళ్ళు పట్టిన నీలం నాలుగు క్షణాల్లో పోతుంది. తర్వాత అది ఏ తాకట్టు కొట్టులోనైనా దొరికే తెల్లటి పెసో.

“తోమకుండా... అలాగే ఉంచితే?”

“చావు మరకతో పిల్ల చేతిలో పోస్తావా? అంతకన్నా పెళ్ళి మానుకోవడం నయం,” అనేసి వెళ్ళిపోయింది.

ఇక్కడ దెల్ఫీనా చేసిన పనిని నేను సమర్థించను. కానీ ఎలా చేసిందో చెప్పగలను, చాలా నెమ్మదిగా చేసింది. చొక్కా మడతల్లోంచి నాణేలు ఒక్కొక్కటిగా తీసి, తన సంచిలోని ప్లాస్టిక్ కవర్లలోకి జార్చింది. ఒక్కోదాన్నీ కిటికీ వైపు వంచి చూసింది. చెడ్డపని చేస్తున్న చేతులు వణకాలంటారు. ఆమె చేతులు వణకలేదు, ప్రేమగా కదిలాయి. తర్వాత పక్క పట్నానికి బస్సెక్కింది.

తాకట్టు కొట్టువాడు డబ్బాలోంచి గుర్రప్పిల్లల్ని బల్ల మీద దొర్లించాడు. “ఎన్ని కావాలి?”

“పదమూడు. బాగా నల్లగా ఉన్నవి.”

“అందరూ తెల్లటివి అడుగుతారు. పెళ్ళికైతే తోమిస్తానండీ, చిటికెలో పని.”

“వద్దు. తోమొద్దు,” అంది ఆమె. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తిరుగుబస్సు మలుపులు తిరుగుతూ కొండెక్కుతుంటే దెల్ఫీనాకు కునుకు పట్టింది. కలలో పదమూడు గుర్రాలు వరసగా దారి పక్కన నడుస్తున్నాయి. నీలంవి, తేనెరంగువి, వంకాయరంగువి. వాటి మీద ఎవరూ లేరు. ఆకుపచ్చ తలుపు ముందు ఆగి, లోపలికి పట్టక, మెడలు వంచి నిలబడ్డాయి. ఒకటి ఆమె అరచేయి నాకింది. దాని నాలుక గరుగ్గా, పొడిగా ఉంది. మెలకువ వచ్చేసరికి అరచేతిలో టికెట్టు నలిగి ఉంది, కిటికీలోంచి ఎస్పీనో చర్చి గోపురం కనిపిస్తోంది. ఎవరికీ నష్టం లేదు కదా, అనుకుంది. వెండికి వెండి, గుర్రానికి గుర్రం. ముసలావిడకి రేకుల డబ్బులొస్తాయి. పిల్ల దోసిట్లో పదమూడు పడతాయి. ఎన్నిసార్లు లెక్క వేసుకున్నా తప్పు రాలేదు. తప్పు రాని లెక్కని అన్నిసార్లు ఎందుకు వేసుకుంటోందో మాత్రం ఆలోచించలేదు.

శుక్రవారం మధ్యాహ్నం వాకిట్లో చాపలు పరిచారు. పదిమంది ఆడవాళ్ళు వచ్చారు. మధ్యలో మట్టితొట్టి, నీళ్ళు, బూడిద మూట, పచ్చటి నిమ్మకాయలు, కత్తి. ఎండ గోడలమీద మెత్తగా పడుతోంది. నడుంనొప్పుల వాళ్ళంతా హాయిగానే కూర్చున్నారు.

“చేతులు చూపించండి మద్రీనా,” అంది ఒకావిడ. “అబ్బో, పట్నం గోళ్ళు!”

“మొగుడు లేడు కదా, గిన్నెలు తోమే అలవాటుండదు,” అంది చోలె. అందరూ పడిపడి నవ్వారు. దెల్ఫీనా కూడా నవ్వింది. నవ్వగలిగినందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

నొయెమీ దేవదారు పెట్టె తెచ్చి తొట్టి పక్కన పెట్టింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, పెళ్ళికని జడకు నూనె పట్టించి గుడ్డతో చుట్టుకుంది. “తియ్యనా మద్రీనా?” అని అడిగింది.

అప్పుడు త్రాన్సితో కుర్చీలోంచి లేచింది. “ఉండు. నేను చూస్తాను.”

నలభై ఒక్క ఏళ్ళు అటు చూడని మనిషి వచ్చి చాప మీద కూర్చుంది. చొక్కా మడతలోకి చెయ్యి పెట్టి, మొదట దొరికిన నాణెం తీసి అరచేతిలో పెట్టుకుంది. నల్లగా, మొద్దుగా, తాకట్టు కొట్టు డబ్బాలో వందల చేతులు మారిన నాణెం. ఆవిడ దాన్ని బొటనవేలితో నిమిరింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

“వాసన పోయింది,” అంది. “ఎన్నేళ్ళయిందీ, పోదా మరి.” తర్వాత దాన్ని చెంపకు ఆనించుకుంది. “ఎవరిస్తో. నాన్నా. నీ చేతిలోది కదరా ఇది.” నాణేన్ని ముద్దుపెట్టుకుంది. కన్నీళ్ళు ముడతలమ్మట జారి, ఎవరివో తెలియని ఆ వెండి మీద పడ్డాయి.

దెల్ఫీనా చూసింది. ఎవడో జూదానికో, జ్వరానికో తాకట్టు పెట్టిన పెసోను ఒక తల్లి కొడుకనుకుని ముద్దాడుతోంది. వేసుకున్న లెక్కలన్నీ అక్కడ కుప్పకూలాయి. ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఆవిడ రెండోది తీస్తుంది.

“అది కాదు,” అంది.

“ఏంటి?”

“అది మీ అబ్బాయిది కాదు, దోన్యా త్రాన్సితో. అవి నేను నిన్న కొన్నవి. మీవి నా దగ్గరున్నాయి.”

లేచి గదిలోకి వెళ్ళి తెచ్చింది. తెచ్చి చాప మీద పరిచింది. ప్లాస్టిక్ కవర్లలో పదమూడు గుర్రాలు ఎండను తాగి ఒక్కసారిగా మెరిశాయి. ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది.

“దొంగముండ!” అంది చోలె. ఆ తిట్టులోనూ చూపు వాటి మీదనుంచి తిప్పుకోలేకపోయింది. “ఇదేం రంగే తల్లీ, పావురం మెడలాగా...”

దెల్ఫీనా మొత్తం చెప్పేసింది. నీళ్ళు నమలలేదు, చక్కెర పూయలేదు. బరువు ధర చెప్పింది మోసం. టెక్సస్ ఆసామి ఒక్కోదానికీ ఆ ధరకు ముప్పై రెట్లు ఇస్తాడు, పదమూడూ కలిపితే ఇంకా పైన. ఆకుపచ్చ తలుపు సంగతి కూడా చెప్పింది, ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. “తోమొద్దు. తోమితే ఏమీ మిగలదు. నాకు అమ్మకండి, నా మొహం చూడకండి. ఆయన నంబరు రాసిస్తాను, నొయెమీ చేత మాట్లాడించండి.”

“అమ్మమ్మా,” అంది నొయెమీ మెల్లగా. “ముప్పై రెట్లంటే రేకులు కాదు. గోడలతో సహా ఇల్లు.”

త్రాన్సితో కవరులోంచి ఒకదాన్ని తీయమని సైగ చేసింది. దెల్ఫీనా అంచు పట్టుకుని తీసి ఇచ్చింది. ముసలావిడ అంచు పట్టుకోలేదు, అరచేత్తో పట్టుకుంది.

“ఈ రంగు ఎక్కడ్నుంచి వచ్చింది?” ఇప్పుడు మీరు లేదు. “నువ్వు నాణేల మనిషివి కదా, చెప్పు.”

“చొక్కాలోంచి.”

“చొక్కాలోంచా?”

“గనిలో గంధకం ఉంటుంది. అది ఉన్నికి పట్టుకుంటుంది, చెమటతో కలిసి. మీరు ఉతకలేదు కదా?”

“ఉతకలేదు. గని కూలే ముందురోజు విప్పి మేకుకి తగిలించాడు. ఎలా ఉతుకుతాను?”

“పెట్టెలో గాలి ఆడలేదు. ఆ గంధకమే ఏటికేడూ కొంచెం కొంచెంగా వెండి మీదికి ఎక్కింది. పసుపు, తేనె, వంకాయ, నీలం. అది మసి కాదు, దోన్యా త్రాన్సితో. అది మీ అబ్బాయి చెమట.”

త్రాన్సితో నాణేన్ని ఎండలోకి ఎత్తి వంచింది. ఎలా వంచాలో ఎవరూ చెప్పక్కరలేకపోయింది. నీలం కదిలింది, తేనె కదిలింది. చాలాసేపు అలా చూస్తూ కూర్చుంది. ఆవిడ పెదాలు కొద్దిగా విచ్చుకున్నాయి, నిద్రపోతున్న పిల్లవాణ్ణి చూసే మనిషిలాగా. చుట్టూ ఉన్నవాళ్ళకు కూడా ఆ మధ్యాహ్నం ఎక్కడికో తేలిపోతున్నట్టు అనిపించింది. ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

“అయితే వీడు ఇన్నేళ్ళూ ఇందులో ఉన్నాడా,” అంది ఆవిడ.

నాణేన్ని ఒళ్ళోకి దించుకుంది.

“గనిలోంచి వాణ్ణి తియ్యలేదు. తెలుసా నీకు? నలుగురున్నారు కింద. ఆరు రోజులు తవ్వి, ఇక లాభం లేదని మూతికి సిమెంటు పోసేశారు. నేను అక్కడ కూర్చుని గోళ్ళతో గీకాను.” చేతిలోని నాణెం వైపు చూసి మాట్లాడుతోంది. “అక్కడొక మూత. ఇంటికొచ్చి నేనూ ఒక మూతేశాను.”

తర్వాత దెల్ఫీనా వైపు తిరిగింది. “ముప్పై రెట్లన్నావు.”

“అవును.”

“అబద్ధం కాదుగా?”

“ఇది కాదు.”

“నొయెమీ, నీ పెళ్ళి. ఇల్లు కావాలంటే చెప్పు. నేనేమీ అనుకోను.”

నొయెమీ అమ్మమ్మ చేతిలోని నాణేన్ని చూసింది. చాప మీది పన్నెండింటినీ చూసింది. పిల్ల కళ్ళలో ఇల్లు కట్టుకోవడం, కూలిపోవడం దెల్ఫీనాకు స్పష్టంగా కనిపించింది. అప్పుడు నొయెమీ కత్తి అందుకుని నిమ్మకాయ రెండుగా కోసింది. ఇంకొకటి కోసింది.

“నువ్వు మద్రీనావి అవునా, కాదా?” అంది త్రాన్సితో.

“నేను... ఇంత చేశాక...”

“అవునా, కాదా?”

“అవును.”

“అయితే తోము. వాణ్ణి బయటికి తియ్యి.”

దెల్ఫీనా చేతులు అప్పుడు వణికాయి. ఇరవై రెండేళ్ళలో ఏనాడూ వెండికి బూడిద తాకించని చేతులు. నిమ్మచెక్కని బూడిదలో అద్ది మొదటి నాణెం మీద పెట్టింది, కళ్ళు మూసుకుంది. “కళ్ళు తెరిచి తోము,” అంది చోలె. కసురుకోలేదు. దెల్ఫీనా కళ్ళు తెరిచింది. రుద్దింది. ముందు నీలం పోయింది. తర్వాత వంకాయ, తర్వాత తేనె. గడ్డిపసుపు ఒక్క క్షణం నిలిచి, అదీ పోయింది. ఏళ్ళు వచ్చిన దారినే వెనక్కి నడిచిపోతున్నట్టుంది. అడుగున తెల్లగా, ఆ పందొమ్మిదేళ్ళ కుర్రాడు దోసిట్లో పోసిన రోజు ఎలా ఉందో అలాగే వెండి బయటపడింది.

ఏడుస్తూనే తోమింది. పదమూడు పొద్దులు, ఒక్కొక్కటిగా, బూడిదనీళ్ళలో కలిసి తొట్టిలో అడుక్కి చేరాయి. అవి ఎంత అందమైనవో తెలిసిన మనిషి ఆ వాకిట్లో ఆమె తప్ప ఇంకెవరూ లేరని అనుకుంది మొదట. తలెత్తి చూస్తే త్రాన్సితో ప్రతి నాణెం రంగూ పోయేదాకా రెప్పవేయకుండా చూస్తోంది. ఏడో నాణెం దగ్గర చోలె మోకాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి పక్కన కూర్చుని, తోమినదాన్ని నీళ్ళలో కడిగి ఇవ్వసాగింది. మిగతావాళ్ళు కూడా దగ్గరికి జరిగారు. ఒకదాని అంచు మళ్ళీ తోమమని వంకపెట్టారు. అంచు మళ్ళీ తోమింది.

సాయంత్రం దెల్ఫీనా గదికి వెళ్ళి, మెట్లవీధి ఇంటాయనకు ఫోన్ చేసి, గది ఇంకెవరికైనా ఇచ్చేయమంది. ఆయన ఎందుకని అడిగాడు. “కుదర్లేదు,” అంది.

శనివారం చర్చిలో లాసరో, అంటే పెళ్ళికొడుకు, చేతులు బిగుసుకుపోయి నిలబడ్డాడు. దెల్ఫీనా పెట్టె తెరిచి పట్టుకుంది. నాణేలు అతని చేతుల్లోంచి నొయెమీ దోసిట్లోకి జారుతుంటే చర్చి అంతా వినిపించేలా చప్పుడైంది. మసిపట్టిన వెండి మొద్దుగా పలుకుతుంది. తోమిన వెండి అలా కాదు. ముందు బల్ల మీద కూర్చున్న త్రాన్సితో ఆ చప్పుడుకి తల ఊపింది, అంతే.

విందు వాకిట్లోనే. కోడిమాంసం మోలె కూర, ఎర్రన్నం, పొడుగుబల్లల మీద కాగితపు జెండాలు. దెల్ఫీనాను పెళ్ళికూతురి పక్కన కూర్చోబెట్టారు. పొద్దుటి నుంచీ త్రాన్సితో ఆమెతో ఒక్క మాటా ఆడలేదు. నాలుగు గంటల బస్సుకు వెళ్ళిపోదామని లేవబోతుంటే ముసలావిడ పెట్టె పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. మూత తీసింది. ఇప్పుడు అందులో ఉన్ని చొక్కా లేదు. తెల్లటి గుడ్డ మీద పదమూడు తెల్లటి పెసోలు. చొక్కా ఉతికి తీగ మీద ఆరేశారు.

“ఇవిప్పుడు ఎంత చేస్తాయి?” అంది.

దెల్ఫీనా ఒకదాన్ని తీసుకుని చూసింది, అలవాటు చొప్పున అంచు పట్టుకునే. చూడ్డానికేమీ లేదు. “బరువు ధర. దాని మీద ఇంకొంచెం.”

“టెక్సస్ ఆయన?”

“ఆయన వీటి వంక కూడా చూడడు.”

“ఈ ఊరినుంచి సముద్రం దాకా ఎవర్నడిగినా అంతేనా?”

“అంతే.”

పక్కబల్ల దగ్గర చోలె మొగుడు వినపడని చెవివైపు కూర్చున్నవాడితో గట్టిగా మాట్లాడుతున్నాడు. త్రాన్సితో పెట్టె మూత వేసి దెల్ఫీనా వైపు తోసింది.

“అంటే బుధవారం మీరు చెప్పిన ధరే కదా, కొమాద్రె,” అంది. “అయితే మీరు నాకు అబద్ధం చెప్పలేదన్నమాట.”

దెల్ఫీనా సంచి తెరిచి, గది కోసం దాచుకున్న కవరులోంచి డబ్బు తీసి, రెండు చేతులతో అందించింది. త్రాన్సితో దాన్ని లెక్కపెట్టకుండానే మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.